చాటింపే పెద్దది (ముందుమాట)

'కేరిగ్మా' అనే గ్రీకు మాట మన దైవశాస్త్ర కళాశాలల్లో తరచూ వినబడుతుంది. ఆ గుమ్మం దాటి సంఘంలోకి వచ్చింది మాత్రం తక్కువ. ఈ చిన్న పుస్తకం దాన్ని సంఘం ముంగిట్లోకి తెచ్చింది. అందుకే నాలుగు మాటలు రాయమని రచయిత అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాను.

ఆ మాటకు మూలం 'కేరుక్స్'. రాజాజ్ఞనో నగరసభ తీర్మానాన్నో నలుగురిలో చాటేవాణ్ణి ప్రాచీన గ్రీసులో అలా పిలిచేవారు. హోమర్ 'ఇలియడ్'లో అగమెమ్నాన్ కొలువులోని తల్థీబియస్ అలాంటివాడే. చేతిలో దండం, గట్టి గొంతు అతని సొత్తు. శత్రువుల మధ్యకు వెళ్లినా అతని మీద చెయ్యి వేయరాదన్నది కట్టుబాటు. అతను పలికేది పంపినవాడి మాట. దానికి తనదంటూ ఏదీ కలపకూడదు, దాంట్లోంచి ఏదీ దాచకూడదు. అలా చాటడాన్నీ, చాటిన విషయాన్నీ కూడా కేరిగ్మా అనే అంటారు.

ఈ పుస్తకంలో నన్ను ఆపి ఆలోచింపజేసింది మూడో అధ్యాయం. కొత్త నిబంధనలో 'చాటు' అనే క్రియ సుమారు 60 సార్లు వస్తుంది. 'చాటేవాడు' అనే నామవాచకం 3 చోట్లే ఉంది: తిమోతి పత్రికల్లో పౌలును గురించి రెండుసార్లు, పేతురు రెండో పత్రికలో నోవహును గురించి ఒకసారి. చాటేవాడి కంటే చాటింపే పెద్దదని రచయిత దీన్నుంచి తేల్చిన తీరు బాగుంది.

మన నేల మీద ఈ మాటకు ఉన్న బలాన్ని కూడా రచయిత పట్టుకున్నారు. ఒకప్పుడు ఊళ్లో డప్పు కొట్టి కబురు చాటే పని మాదిగలదిగా ఉండేది. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య ఆ కులంవారే. తోళ్ల వ్యాపారం చేసుకుంటూనే ఆయన ఒంగోలు ప్రాంతంలో ఊరూరా సువార్త చెప్పారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారంటే, దాని వెనుక మిషనరీ జాన్ క్లౌతోపాటు ఇలాంటి తెలుగు బోధకుల నడక ఉంది. ఊరి పెద్దల కబురు వెట్టికి చాటిన జనమే తమ ఇష్టంతో మరో కబురు చాటారు.

ఒక్క విషయంలో రచయితతో నాకు పేచీ. బైబిల్ పండితుడు సి.హెచ్. డాడ్ 1936లో ప్రకటన (కేరిగ్మా) వేరు, బోధ వేరు అని గీసిన గీతను రచయిత మరీ గట్టిగా పట్టుకున్నారు. యేసు బోధిస్తూ, రాజ్యసువార్త చాటుతూ గలిలయ అంతటా తిరిగాడని మత్తయి రెండింటినీ ఒకే వాక్యంలో కలిపి చెప్పాడు. పల్లెల్లో సేవ చేసేవారికీ ఈ రెండూ విడివిడి పనులు కావు. మలిముద్రణలో దీన్ని పునరాలోచించాలని నా సూచన.

సభల ఫ్లెక్సీల మీద ప్రసంగీకుడి బొమ్మే వాక్యం కంటే పెద్దగా కనబడుతున్న రోజులివి. వేదిక ఎక్కే ప్రతి దైవసేవకుడూ ముందుగా ఈ పుస్తకం చదవాలి. రచయితకు నా ఆశీస్సులు.