చెవితో వెతికి, చేత్తో తేల్చే విద్య

ఘాట్ రోడ్డు దిగుతున్న జీపు ముందు చక్రాల దగ్గర ‘టక్’ మని ఒక చప్పుడు వచ్చిందంటే, అందుకు కారణం కాగల భాగాలు ఇరవైకి పైనే ఉంటాయి. కమాను పట్టీల బుష్‌లు, షాకిళ్లు, షాకప్పులు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్‌లు, చక్రాల బేరింగులు, స్టీరింగ్ బాక్సు బోల్టులు... వీటిలో కొన్ని అరిగితే ప్రయాణం కాస్త కుదుపుగా సాగుతుంది, అంతే. మరికొన్ని అరిగి ఊడిపోతే మలుపులో చక్రం మన మాట వినదు. చప్పుడు మాత్రం చాలాసార్లు రెండింటికీ ఒకేలా ఉంటుంది. ఆ తేడాను ఖరీదైన యంత్రాలేవీ లేకుండా పట్టుకునే పద్ధతి మన మెకానిక్ షెడ్లలో దశాబ్దాలుగా ఉంది. దాని సూత్రం ఒక్కటే: చెవితో వెతకాలి, చేత్తో తేల్చాలి. కదలిక చేతికి తగిలేదాకా ఏ పార్టూ విప్పకూడదు.

మన దేశంలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది 1947లో. 1985లో మారుతీ జిప్సీ వచ్చింది. 1960ల్లో మొదలైన విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల మేస్త్రి పక్కన హెల్పర్‌గా చేరిన కుర్రాళ్లు పానాలు అందిస్తూనే ఈ పని నేర్చుకున్నారు. అప్పటినుంచి బండ్ల ముందు భాగం చాలా మారింది. పాత జీపుకీ జిప్సీకీ ముందు కూడా ఒకే నిండు యాక్సిల్, దాని కింద కమాను పట్టీలు. 2010 నాటి థార్‌లో రెండు చక్రాలూ విడివిడిగా కదులుతాయి, బరువు మోసేది టార్షన్ బార్లు. 2020 థార్‌లో వాటి బదులు కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. 2023లో మన మార్కెట్లోకి వచ్చిన జిమ్నీలో మళ్లీ నిండు యాక్సిలే, కానీ కాయిల్ స్ప్రింగులతో. యాక్సిల్ పక్కకు జరగకుండా ఆపేందుకు ఒక అడ్డ రాడ్డు ఉంటుంది. భాగాలు మారినా వెతికే క్రమం మాత్రం మారలేదు.

ఆ క్రమంలో మొదటిది ప్రశ్న. చప్పుడు ఎప్పుడొస్తోంది? గుంతలోనా, మలుపులోనా, బ్రేకు వేసినప్పుడా, నేరుగా పోతున్నప్పుడా? పొద్దున బండి తీయగానే వచ్చి తర్వాత తగ్గిపోతోందా? వేగంతో పాటు పెరుగుతోందా? బండిని రోజూ నడిపే మనిషి దగ్గర వీటికి జవాబులు తప్పకుండా ఉంటాయి. ఓపిగ్గా అడిగే మేస్త్రికి సగం పని అక్కడే పూర్తవుతుంది.

రెండోది, అసలు సమస్యే కాని చప్పుళ్లను ఏరేయడం. సీటు కింద జాకీ, పానాల సంచి, వదులైన నంబరు ప్లేటు, సరిగా పడని బానెట్ లాకు, ఇవన్నీ సస్పెన్షన్ మీద లేనిపోని నింద వేస్తాయి. గతుకుల్లో వచ్చే గలగల, బ్రేకు పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించగానే ఆగిపోతే అది ప్యాడ్లదే. వీల్ నట్ల బిగింపు చూడకుండా మిగతా పరీక్షలకు పోకూడదు.

ఇక రోడ్డు మీద పరీక్ష. మేస్త్రి తాను నడపడు, పక్కన కూర్చుని అద్దం దించి వింటాడు. పొడవాటి గోడ వెంట నెమ్మదిగా పోతే చప్పుడు గోడకు తగిలి స్పష్టంగా చెవిన పడుతుంది. స్పీడ్ బ్రేకర్‌ను ఒకసారి రెండు ముందు చక్రాలతో ఒకేసారి దాటిస్తాడు, ఇంకోసారి ఒక చక్రమే ఎక్కేలా దాటిస్తాడు. రెండు చక్రాలూ సమంగా లేచినప్పుడు రెండు పక్కలనూ కలిపే స్టెబిలైజర్ బార్ మెలిపడదు, కాబట్టి దాని లింక్ రాడ్ల మీద పెద్దగా బలం పడదు. ఒక చక్రమే లేచినప్పుడు వాటి మీద బాగా లాగుడు పడుతుంది. చప్పుడు అప్పుడే వస్తే అనుమానం లింక్ రాడ్ల మీదికీ బార్ బుష్‌ల మీదికీ పోతుంది. రెండుసార్లూ వస్తే షాకప్పులూ ఆర్మ్ బుష్‌లూ చూడాలి.

వేగంతో పెరిగే ‘గూ...’ అనే మోత వేరే సంగతి. అది టైరుదా, బేరింగుదా? గరుకు రోడ్డు నుంచి నున్నటి రోడ్డు మీదికి రాగానే మోత మారితే టైరుదే కావచ్చు. ముందు టైర్లను వెనక్కి మార్చి చూస్తే తేలిపోతుంది. బేరింగు మోత బరువును బట్టి మారుతుంది. ఖాళీ రోడ్డు మీద స్టీరింగు కాస్త ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీదికి ఒరుగుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగును అనుమానించాలి. తర్వాత చక్రం పైకి లేపి, ఒక చెయ్యి స్ప్రింగు మీద ఆనించి, రెండో చేత్తో చక్రం తిప్పాలి. అరిగిన బేరింగు గరగర వేళ్లకు తెలుస్తుంది.

ఇనుప చాసిస్ చప్పుడును అటునుంచి ఇటు మోసుకుపోతుంది. ఎడమ పక్క చెడితే కుడి పక్క మోగినట్టు వినిపించడం మామూలే. అందుకే చెవి చెప్పింది అనుమానం మాత్రమే, దాన్ని రుజువు చేయాల్సింది చెయ్యే.

స్టీరింగు రుజువు నేలమీదే దొరుకుతుంది. చక్రాలు నేలకు ఆని ఉండగా ఒకరు స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊపుతుంటే, ఇంకొకరు కిందనుంచి ఒక్కొక్క జాయింటు మీదా చెయ్యి వేసి చూస్తారు. రాడ్డు కదిలాక కాసేపటికి చక్రం కదిలితే ఆ మధ్య ఉన్న టై రాడ్ ఎండ్‌లో ప్లే, అంటే వదులు కదలిక, ఉన్నట్టు. స్టీరింగ్ బాక్సే చాసిస్ మీద జరుగుతుంటే తప్పు జాయింట్లది కాదు, బోల్టులది. జిమ్నీ లాంటి బండిలో అడ్డ రాడ్డు చివర్ల బుష్‌లు కూడా ఈ పరీక్షలోనే బయటపడతాయి.

తర్వాత జాకీ. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టకుండా, బండిని స్టాండు మీదికి దించకుండా దాని కిందికి దూరకూడదు, జాకీ ఒక్కదాన్నే నమ్మడం ప్రాణాలతో చెలగాటం. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే వచ్చే ప్లే బేరింగుది గానీ, బాల్ జాయింటుది లేదా కింగ్ పిన్‌ది గానీ కావచ్చు. రెండు పక్కలా పట్టుకుని ఊపినప్పుడే వస్తే టై రాడ్ ఎండ్. పైనా కిందా వచ్చిన ప్లేను విడదీయడానికి చక్కటి చిట్కా ఉంది: ఒకరిని బ్రేకు తొక్కమనాలి. ప్లే పోతే బేరింగు, పోకపోతే బాల్ జాయింటు లేదా కింగ్ పిన్. కాయిల్ స్ప్రింగు లోయర్ ఆర్మ్ మీద కూర్చునే బండ్లలో జాకీని ఆ ఆర్మ్ కిందే పెట్టాలి. చాసిస్ కింద పెడితే స్ప్రింగు ఒత్తిడికి జాయింటు బిగుసుకుని, అరిగినదీ బాగున్నట్టే కనిపిస్తుంది.

కిర్రుమనే చప్పుళ్లకు నీళ్ల సీసా చాలు. రబ్బరు బుష్‌లను ఒక్కొక్కటిగా తడుపుతూ బండిని పైకీ కిందికీ ఊపాలి. ఏది తడిసినప్పుడు కిర్రు ఆగిందో అదే దోషి. చప్పుడు ఆపాలని రబ్బరు మీద ఇంజన్ ఆయిలు పోయడం తప్పు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కొత్త బుష్ వేశాక చక్రాలు నేలకు ఆని, బండి బరువు పడ్డాకే బోల్టు చివరి బిగింపు ఇవ్వాలి. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు ఇంకో మెట్టు ఉంది. జిప్సీ, జిమ్నీ, థార్ వంటి వాటిలో ఫోర్ వీల్ వేస్తే ముందూ వెనకా ప్రొపెల్లర్ షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. మట్టిలోనైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. గట్టి తారు రోడ్డు మీద ఆ వీలుండదు కాబట్టి బండి పట్టేసినట్టు కుదుపుతుంది, ‘దబ్’ మంటుంది. అక్కడ చెడింది పార్టు కాదు, వాడకం. కాబట్టి వదులు మట్టి నేల మీద, మొదట టూ వీల్‌లో, తర్వాత ఫోర్ వీల్‌లో నడిపి పోల్చాలి. ఫోర్ వీల్‌లో, నిండు మలుపులో మాత్రమే ‘కటకట’ మంటే ముందు యాక్సిల్ చివరి జాయింట్లు చూడాలి. వాటికి రబ్బరు బూటు ఉన్న బండ్లలో అది చిరిగి, చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటే అనుమానం బలపడుతుంది. గేరు వేసిన క్షణంలో ‘ఠక్’, కదిలాక వేగంతో పాటు కిచకిచ వస్తుంటే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్‌లు ఎండిపోయి ఉండవచ్చు.

నిండు యాక్సిల్ బండ్లలో ఒక్కోసారి గుంత తగలగానే స్టీరింగు అదుపు లేకుండా ఊగిపోతుంది. చాలామంది దానికి కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేసి ఊరుకుంటారు. డ్యాంపర్ ఊపును కప్పిపెడుతుందే తప్ప కారణాన్ని తీయదు. కింగ్ పిన్ బేరింగులు, రాడ్ల బుష్‌లు, టైర్ల బ్యాలెన్సింగ్ చూసేదాకా ఆ బండిని వేగంగా నడపకూడదు. పెద్ద టైర్లు వేసి, ఎత్తు పెంచిన బండ్లలో ఈ జాయింట్ల మీద భారం ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ‘మార్చి చూద్దాం’ అనే అలవాటు పెరుగుతోంది. షాకప్పులు మార్చి, చప్పుడు పోకపోతే ఆర్మ్‌లు మార్చి, అదీ కాకపోతే స్టీరింగ్ బాక్సు మార్చడం. యజమాని డబ్బు పోవడం ఒక నష్టం. అంతకంటే పెద్ద నష్టం, ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న టై రాడ్ ఎండ్ అలాగే ఉండిపోవడం. పాడేరు, అరకు, మారేడుమిల్లి ఘాట్లలో జనాన్ని ఎక్కించుకుని తిరిగే బండికి అది ప్రాణాపాయం.

ఈ విద్య నిలవాలంటే మేస్త్రి ఒక్కడి వల్ల కాదు. ఐటీఐలో మోటార్ మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు పార్టు విప్పడం కంటే ముందు ప్లే పట్టడం నేర్పాలి. బండి యజమాని కూడా ‘ఏ పార్టు మార్చాలి?’ అని అడిగే ముందు ‘ఎక్కడ కదులుతోందో చూపించండి’ అని అడగాలి. చూపించగల మేస్త్రికి, పార్టు ఏదీ మార్చకపోయినా, వెతికినందుకు కూలి సంతోషంగా ఇవ్వాలి. మనం డబ్బు కట్టాల్సింది ముందుగా ఆ వెతుకులాటకే.