మోలు పాఠమునందలి లోపము

మోలు పాఠమును తరగతిలో సాధారణముగా గ్రాములతో ఆరంభింతుము. లోపము అచ్చటనే యున్నది.

సింహాచలమునకు అనతిదూరమున నున్న విశాఖ ఉక్కు కర్మాగారమునే తీసికొనుడు. అచ్చటి బ్లాస్టు ఫర్నేసులో ఫెర్రిక్ ఆక్సైడు ఒకటి, కార్బన్ మోనాక్సైడు అణువులు మూడు చర్య నొంది, ఇనుము పరమాణువులు రెండు, కార్బన్ డయాక్సైడు అణువులు మూడు ఏర్పడును. టన్ను ఆక్సైడునకు మూడు టన్నుల మోనాక్సైడు కావలెనని విద్యార్థి వ్రాయును. తప్పు అతనిది కాదు, మనది. ఆ అంకెలు కణముల లెక్కయే గాని తూకము కాదు.

ఆక్సైడు ఒక మోలు 160 గ్రాములు. మోనాక్సైడు మూడు మోలులు 84. ఇనుము రెండు మోలులు 112. కావున సమీకరణము ననుసరించి టన్ను ఆక్సైడునకు 525 కిలోల మోనాక్సైడు చాలును. 700 కిలోల ఇనుము వచ్చును.

2019లో మోలు నిర్వచనమే 12 గ్రాముల కార్బనును విడిచి, 6.02214076×10²³ కణములను గ్రహించినది. మన బోధనయు లెక్కింపుతోనే ఆరంభము కావలదా?