దెయ్యాల సామాను ఎవరి ఆస్తి?

భయం గొలిపే సినిమాల్లో వాడిన ముసుగులు, రబ్బరు చేతులు, మైనపు తలలు, కీళ్ల చట్రాలు ఏరి, కొని, గాజు పెట్టెల్లో దాచుకునే అలవాటు అమెరికాలోనూ ఇంగ్లండులోనూ చాలాకాలంగా ఉంది. లాస్ ఏంజెలెస్‌లో ఫారెస్ట్ జె. ఏకర్మన్ (1916–2008) తన ఇంటినే ఇలాంటి వస్తువుల కొట్టుగా మార్చి, వచ్చినవాళ్లందరికీ చూపించాడు. ఇవాళ ఆ సరుకంతా వేలంపాటల పాలైంది. డబ్బున్నవాళ్ల సరదా మనకెందుకని తోసెయ్యవచ్చు. కానీ కళాకృతిలో ‘అసలు’ది ఏది, దాన్ని చేసిన చేతులకు దక్కిందేమిటి అని సాహిత్య విమర్శలో మనం ఇన్నేళ్లుగా పడుతున్న తర్జనభర్జనే ఇక్కడ రబ్బరు ముసుగు తగిలించుకుని ఎదురొస్తోంది.

1933 నాటి ‘కింగ్ కాంగ్’ను తీసుకుందాం. ఆకాశహర్మ్యం ఎక్కిన ఆ కోతి, చాలా దృశ్యాల్లో, రెండడుగులైనా లేని బొమ్మ. ఉక్కు కీళ్ల చట్రం మీద దూది, రబ్బరు కప్పి, పైన కుందేలు చర్మం అంటించారు. విల్లిస్ ఓబ్రయన్ దాన్ని ఫ్రేముకు ఫ్రేముకు కాస్త కాస్త కదుపుతూ చిత్రించాడు. బొమ్మ చేసినవాడు మార్సెల్ డెల్గాడో. మెక్సికోలో పుట్టి, కిరాణా కొట్టులో పనిచేస్తూ బొమ్మల చదువు చదువుకున్న కుర్రవాడు. కాలక్రమాన రబ్బరూ చర్మమూ చీకి రాలిపోయాయి. మిగిలిన ఉక్కు చట్రం ఒకటి 2009లో లండన్ క్రిస్టీస్ వేలంలో 1,20,000 పౌండ్లకు పైగా పలికింది. ప్రేక్షకుణ్ణి భయపెట్టిన భాగం మన్నయిపోగా, అమ్ముడుపోయింది లోపలి ఇనుము.

‘జాస్’ (1975) సొరచేప కథ ఇంకా విచిత్రం. షూటింగులో వాడిన మూడు యాంత్రిక చేపల్లో ఒక్కటీ మిగల్లేదు. అదే అచ్చులో పోసిన నాలుగో చేపను స్టూడియో చూడవచ్చేవాళ్ల ఫొటోల కోసం వేలాడదీశారు. ఆ తర్వాత అది పాత ఇనుము కొట్టుకు చేరి దశాబ్దాలు పడి ఉంది. దానికి మరమ్మతు చేసి, 2021లో తెరిచిన అకాడమీ మ్యూజియంలో పెట్టారు. సినిమాలో ఒక్క క్షణమైనా కనిపించని చేప, ఆ సినిమా నుంచి మిగిలిన ఏకైక చేపగా దండం పెట్టించుకుంటోంది. ‘కాపిటల్’ మొదటి అధ్యాయంలో మార్క్స్ ఒక మామూలు చెక్క బల్లను తెచ్చి, అది సరుకుగా మారిన క్షణాన తలకిందులుగా నిలబడి వింత ఊహలు పోతుందని ఎగతాళి చేశాడు. ఆనాటి యూరప్‌లో ఆత్మలను పిలిచేవాళ్లు బల్లలు ఆడించేవారు. వాటి ఆటకన్నా ఈ బల్ల ఆట వింతన్నాడు. దెయ్యాల సామానుకు ఇంతకన్నా తగిన వ్యాఖ్య వెతకనక్కరలేదు.

ఇక మన సంగతి. వస్తువులో శక్తి ఉందనే నమ్మకం తెలుగు కథకు కొత్త కాదు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుందని బాలనాగమ్మ కథ విన్న పిల్లలందరికీ తెలుసు. ‘పాతాళ భైరవి’ (1951)లో ఈ నమ్మకం ఇంకా నిశితమైంది. పింగళి నాగేంద్రరావు రచన, కె.వి. రెడ్డి దర్శకత్వం. అందులో భైరవి ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారికి ఊడిగం చేస్తుంది. తోటమాలి కొడుకు చేతిలో ఉన్నప్పుడు మేడ కట్టిస్తుంది. నేపాళ మాంత్రికుడి చేతికి రాగానే అదే మేడను మాయం చేస్తుంది. న్యాయం, అన్యాయం దానికి పట్టవు. పట్టుకున్నవాడెవడన్నదే దానికి తెలుసు. పెట్టుబడి స్వభావాన్ని ఇంత తేటగా చెప్పిన జానపద చిత్రం మనకు మరొకటి లేదని నా అభిప్రాయం. అయినా మన విమర్శకులు చాలాకాలం దాన్ని పిల్లల సినిమా అనే అరలో పెట్టి తాళం వేశారు.

బి. విఠలాచార్యకు ఆ అర కూడా దక్కలేదు. ‘జగన్మోహిని’ (1978)లో కాళ్లను పొయ్యిలో కట్టెలుగా పెట్టి వంట చేసే దెయ్యాన్ని చూసి జనం కేకలు వేసి, ఆ వెంటనే నవ్వారు. ఈ నవ్వును మనవాళ్లు గమనించలేదు. మూఢనమ్మకాల వ్యాపారం అని ఒక్క ముక్కలో తేల్చారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ పొయ్యిలో కాళ్లు పెట్టిన దెయ్యం నమ్మకాన్ని పెంచిందా, పలచన చేసిందా? వంటచెరకు కొరత తెలిసిన ఆడవాళ్లు ఆ దృశ్యానికి ఎందుకంతగా నవ్వారో అడిగి ఉండవలసింది. ఆ పొయ్యి, ఆ కాళ్లు, ఆ అస్థిపంజరాలు చేసిన అచ్చుపనివాళ్లు, వడ్రంగులు, మేకప్ సహాయకులు ఎవరన్నది అసలే అడగలేదు.

ఆ సామాను ఏమైంది? ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వస్తువు షూటింగు కాగానే పగులుతుంది. పగలనిదానికి రంగు మార్చి మరో సినిమాలో పెడతారు. ‘పాతాళ భైరవి’, ‘మాయాబజార్’ (1957) పుట్టిన మద్రాసు వడపళని విజయా వాహినీ స్థలంలో 1972లో ఆసుపత్రి వెలిసింది, 2013లో షాపింగ్ మాల్ తెరిచారు. ఆసుపత్రి అవసరమే, వాదన లేదు. అయితే తెలుగువాళ్ల మాయంతా తయారైన ఆ నేలమీద మాయ ఎలా తయారైందో చెప్పే ఒక గదికి చోటు లేకపోయింది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఈ కుటుంబ నాటకరంగం తెరలు, తీగలు, కప్పీలు, ట్రంకుపెట్టెలతోనే తరాలు గడిపింది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ లలిత కళా తోరణంలో వాళ్ల ‘మాయాబజార్’ చూసినవాళ్లకు తెలుసు: ఘటోత్కచుడు మన కళ్లముందే గాలిలోకి లేస్తాడు, బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. అక్కడి గద పాతదా కొత్తదా అని ఎవరూ అడగరు. ఈ రాత్రి పనిచేస్తుందా లేదా అన్నదే దాని విలువ. కర్ర విరిగితే మారుస్తారు, తీగ తుప్పుపడితే తీసేస్తారు. అయినా అది సురభి వస్తువే. వాల్టర్ బెన్యమిన్ సేకర్తను గురించి రాస్తూ, వస్తువుకు ఉపయోగపడే చాకిరీ నుంచి విముక్తి కలిగించేవాడని అన్నాడు. సురభి ట్రంకుపెట్టెకు ఆ విముక్తి వద్దు. నిమ్మలకుంట తోలుబొమ్మలు దీపపు తొడుగులై డ్రాయింగు రూములకు పోయాక బొమ్మలాట ఏమైందో మనం చూస్తూనే ఉన్నాం.

సేకరణే చెడ్డదని అనడం లేదు. కోఠిలో నిలబడి అలా అనడం సాధ్యం కూడా కాదు. సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో, నిజాం పాలనలో, తెలుగు పుస్తకాలు పోగుచేయడంతోనే ఒక ఉద్యమానికి దారి వేసింది. పోగుచేసింది దాచుకోవడానికి కాదు, నలుగురిచేత చదివించడానికి. అక్కడికి నడిచిపోయేంత దూరంలోనే, ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద ఆదివారం పాత పుస్తకాలు పరుస్తారు. 1980ల నాటి క్షుద్ర నవలలు అక్కడ అట్ట చిరిగి, రంగు వెలిసి కనిపిస్తాయి. ‘తులసిదళం’ మీద ఆనాడు అభ్యుదయ, విప్లవ విమర్శకులు చేసిన పోరాటం సాహిత్య విద్యార్థులకు తెలిసిందే. ఇవాళ అదే నవల పాత ముద్రణను కుర్రవాళ్లు జ్ఞాపకవస్తువుగా కొనుక్కుంటున్నారు. భయం పోయింది, ముచ్చట మిగిలింది, ఇక గొడవెందుకు అనవచ్చు.

నగరంలో భయం ముచ్చటైపోవచ్చు, ఊళ్లో కాలేదు. సూదులు గుచ్చిన పిండిబొమ్మ, నిమ్మకాయ, కుంకుమ ముద్ద నగరపు గాజుపెట్టెలో అలంకారం. తెలంగాణ పల్లెలో అవే బాణామతికి సాక్ష్యం. ఆ సాక్ష్యం మీద మనుషుల పళ్లు ఊడబీకారు, సజీవంగా తగలబెట్టారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పేదలు, దిక్కులేని ముసలివాళ్లు. రెండు చోట్లా వస్తువు ఒకటే, దాని తయారీ కనిపించకపోవడమూ ఒకటే. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పెళ్లి పారాణి కలిపే ప్రతి ఇల్లాలికీ తెలుసు. అదే ఎరుపు మంత్రగాడి పళ్లెంలో రక్తమవుతుంది, సినిమా మేకప్ గదిలో రంగవుతుంది. మంత్రగాడు కలిపింది దాస్తాడు. మేకప్‌వాడు దాచనక్కరలేదు, కానీ వేలంపాటవాడు వచ్చి అతని పేరే దాచేస్తున్నాడు. పల్లెల్లో హేతువాదులు నిమ్మకాయ కోసి రక్తం చూపించి, ఆ మీదట కత్తికి ముందే ఏం పూశారో చెబుతారు. నాకు తెలిసినంతలో ఈ సామానుకు అంతకంటే మంచి ప్రదర్శనశాల లేదు.

అందుచేత మనకు కావలసింది వస్తువుకన్నా వస్తువు వెనుక తీగ. ఇక్కడొక చిక్కుంది, దాన్ని దాటవెయ్యకూడదు. సురభివారి మెళకువ వాళ్ల పొట్టకూడు. పద్మశ్రీ అందుకున్న సురభి బాబ్జీ (ఆర్. నాగేశ్వరరావు) 2022లో కన్నుమూశారు, ఆ తరం చేతుల్లో ఉన్న పని కాగితం మీదికి రావాలని మనం కోరుతున్నాం. పరిశోధన పేరుతో వచ్చి, తీగ ఎక్కడ కట్టారో రాసుకుని, పట్టా పుచ్చుకుని పోతే, లండన్ వేలంపాటవాడికీ మనకూ తేడా ఏముంది? మనకు తెలుగు విశ్వవిద్యాలయం ఉంది, అందులో రంగస్థల శాఖ ఉంది. కప్పీ తిప్పేవాణ్ణి సమాచారం ఇచ్చేవాడుగా కాక జీతం తీసుకునే అధ్యాపకుడుగా పిలవడానికి అక్కడి నియమాలు ఎంతవరకు ఒప్పుకుంటాయో ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాతే ట్రంకుపెట్టె తెరవమని అడగడానికి మనకు నోరుంటుంది.