ముట్టడిని చూసిన కన్ను: దెలాక్రువా చిత్రాలలో రెబెకా

కోట ముట్టడిని వస్తువుగా తీసుకొన్న తైలవర్ణ చిత్రాలు ఐరోపాలో చాలా ఉన్నాయి. వాటిలో తరచుగా కోటకే ప్రాధాన్యం. బురుజులు, నిచ్చెనలు, జెండాలు చిత్రాన్ని నింపుతాయి. మనుషులు చీమలబారుగా కనిపిస్తారు. ఫ్రెంచి చిత్రకారుడు యూజీన్ దెలాక్రువా (1798–1863) 1846లో వేసిన ‘రెబెకా అపహరణ’ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఈ చిత్రం ఎత్తు సుమారు 100 సెంటీమీటర్లు, వెడల్పు 82 సెంటీమీటర్లు. ఇందులో చిత్రకారుడు సాధించినదేమిటో, మూలకథ నుండి జారవిడిచినదేమిటో పరిశీలిద్దాం.

మూలం సర్ వాల్టర్ స్కాట్ నవల ‘ఐవన్‌హో’ (1819). కథాకాలం పన్నెండవ శతాబ్ది చివరి భాగం. ఇంగ్లండులో పాలకులు నార్మనులు, పాలితులు సాక్సనులు. ఈ తేడాను స్కాట్ మొదటి అధ్యాయంలోనే భాష ద్వారా చూపిస్తాడు. దొడ్డిలో ఉన్నంతకాలం ఎద్దుకు సాక్సను పేరు. కోసి ప్రభువుల బల్లమీద వడ్డించగానే దానికి నార్మను పేరు వస్తుందని ఒక విదూషకుడు పరిహసిస్తాడు. ఇది మనకు తెలియని సంగతి కాదు. నాగలి, కాడి, ఎరువు మన మాటలు. పొలానికి పన్ను పడగానే వసూలు, జప్తు, జమాబందీ అని పరభాషా పదాలు దిగుతాయి. ముట్టడికి గురైన కోట యజమాని పేరు ఫ్రాన్-దె-బఫ్, అంటే ‘ఎద్దునొసలు’. విదూషకుడు వేళాకోళం చేసిన ఆ నార్మను ఎద్దే ఇక్కడ ఇంటిపేరై కూర్చుంది.

కోట లోపల నార్మనులు, వెలుపల సాక్సనులు, అడవి విలుకాండ్రు, వారికి తోడు ఒక నల్లకవచధారి. రెబెకా ఈ రెండు పక్షాలలో దేనికీ చెందదు. ఆమె యూదు యువతి, వైద్యం తెలిసినది, ఆ కోటలో బందీ. గాయపడిన ఐవన్‌హో మంచం దిగలేడు. ఆమె ఒక పాత డాలును అడ్డం పెట్టుకొని కిటికీ దగ్గర నిలబడి, బయట జరుగుతున్నదంతా అతనికి చెబుతుంది. నల్లకవచధారి దిడ్డివాకిలి మీద గొడ్డలి వేటు వేయడం మనకు తెలిసేది ఆమె నోటివల్లనే. ముట్టడి వృత్తాంతంలో ప్రధానమైన భాగమంతా ఆమె మాటలలోనే నడుస్తుంది. మధ్యలో వీరధర్మాన్ని గురించి ఐవన్‌హోతో వాదిస్తుంది కూడా. అతడు కీర్తిని ఎంచితే, ఆమె ఆ కీర్తికి చెల్లించిన వెలను ఎంచుతుంది.

దెలాక్రువాకు ఈ ఘట్టం తెలియనిది కాదు. 1823లో, ఇరవై అయిదేళ్ళ వయసులో, ‘రెబెకా, గాయపడిన ఐవన్‌హో’ అన్న చిత్రంలో ఈ కిటికీ ఘట్టాన్నే తీసుకొన్నాడు. 1846లో మాత్రం ముట్టడి చివరి క్షణాన్ని ఎంచుకొన్నాడు. కోట తగలబడుతూ ఉంటుంది. టెంప్లరు వీరుడు బ్వా-గిల్బేర్ ఆజ్ఞ మేరకు ఇద్దరు సారసెన్ సేవకులు రెబెకాను గుర్రం మీదికి ఎత్తుతుంటారు. ముందుభాగం మిట్ట, ఒక్కసారిగా లోయ, ఆవల పొగలో కోట. చూపు మిట్ట మీద నుండి అగాధం దాటి మంటల్లోకి దూకవలసిందే, మధ్యలో నిలిచే తావు లేదు. మెలితిరిగిన దేహాలు ఒకదానినొకటి ఒరుసుకొంటాయి. ఆ ఏటి సలోన్ ప్రదర్శనలో విమర్శకులు దీనిని ఆక్షేపించారు. కవి బోదలేర్ మాత్రం చిత్రంలో ఎక్కడా ఖాళీ లేకపోవడాన్నే గుణంగా ఎంచి మెచ్చుకొన్నాడు.

ఈ మెప్పు సమంజసమే. ముట్టడి ఫలితం గోడమీద ఎగిరే జెండా కాదు, ఎత్తుకుపోబడే ఒక మనిషి అని ఈ చిత్రం ఒక్క చూపులో చెబుతుంది. మాట ఒకదాని తరువాత ఒకటిగా రావాలి; మంటను, మనిషిని ఒకే క్షణంలో చూపించగలిగేది రంగు. కాని ఈ లాభానికి ఒక నష్టం ఉంది. నవలలో ముట్టడిని చూసి చెప్పిన కన్నూ నోరూ రెబెకావి. ఇక్కడ ఆమె వాలిపోయిన దేహం మాత్రమే. 1823 చిత్రంలో సాక్షిగా ఉన్నది 1846 నాటికి దోపిడిసొత్తు అయింది. చిత్రం గొప్పది కాదని మేము అనడం లేదు. ఆమె గొంతు వినాలంటే చిత్రం చాలదు, పుస్తకం తెరవాలంటున్నాం.

ఆ పుస్తకాన్ని మన మాటలలో చెప్పుకోవడం ఎలా? తెలుగులో ముట్టడి, కన్నడంలో ముత్తిగె, తమిళంలో ముట్రుగై. ఇవి అరువు తెచ్చుకొన్నవి కావు, సోదర పదాలు. తెలుగు చుట్టుకు కన్నడం సుత్తు, తమిళం సుట్రు ఎలాగో ఇవీ అలాగే. తెలుగు ‘ట్ట’ ఉన్నచోట కన్నడంలో ‘త్త’ రావడం క్రమబద్ధమైన ధ్వనిసంబంధం. అగడ్త, బురుజు, కోటకొమ్మ, దిడ్డివాకిలి వంటి మాటలుండగా ఈ ఘట్టం చెప్పడానికి తెలుగుకు లోటేమీ లేదు.

విద్యార్థులకు ఒక సూచన. ముందు కిటికీ ఘట్టం చదవండి. తరువాత 1846 చిత్రం చూడండి. ఆ పైన రెబెకా చూసినదాన్ని మీ ఇంటి తెలుగులో పది వాక్యాలలో రాయండి. మదురై తెలుగైనా, బళ్ళారి తెలుగైనా, బరంపురం తెలుగైనా సరే. ఏ పక్షానికీ చెందని మనిషి మాటలోనే ముట్టడి తెలిసిందన్న సంగతి అప్పుడు మీకు మరింత స్పష్టమవుతుంది.