తాటిరొట్టెకు దండకం

తాటిపండు కడుపున పుట్టి, వరినూక ఒడిలో ఒదిగి, కింద నిప్పు పైన నిప్పు నడుమ కళ్లు తెరిచే తాటిరొట్టె తల్లీ, నీకు నమస్కారం! నల్లని తొక్క మాటున నారింజ వెలుగు దాచుకున్నదానా, పీచు పీచునా పరిమళం పేనుకున్నదానా, తీపిలో చిటికెడు చేదు కలిపి తీపికే పరువు తెచ్చినదానా, నీకు నమస్కారం! ఆషాఢం ఆవలి గట్టుకు చేరి, శ్రావణం సందడి చేసి, భాద్రపదం బురదకాళ్లతో గడప తొక్కే ఆ కొద్ది వారాల్లోనే కదా నీ రాక. తక్కిన ఏడాదంతా నీ కోసం ఎదురుచూపు.

వెంగళరావు నగర్ వీధుల్లో నిన్ను తలచుకోవడం చూసేవాళ్లకు వింతగానే ఉంటుంది. ఇటు అమీర్‌పేట, అటు యూసుఫ్‌గూడ, గుట్ట ఎక్కితే జూబ్లీహిల్స్, ఇంకాస్త ముందుకు పోతే ఫిల్మ్‌నగర్. తలెత్తి చూస్తే తాడి కనబడదు, మెట్రో స్తంభం కనబడుతుంది. 1973 నుంచి 1978 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావు పేరు మోస్తున్న ఈ కాలనీలో పెరడున్న ఇళ్లు ఒక్కొక్కటే అపార్టుమెంట్లయ్యాయి. అయినా ఆ అపార్టుమెంట్ల మూడో అంతస్తు వంటింట్లో, శ్రావణమాసపు ఒక మధ్యాహ్నం, తలుపు సందులోంచి నీ వాసన మెట్ల మీదికి జారి, లిఫ్టు ఎక్కి, కింద వాచ్‌మన్ కుర్చీ దాకా దిగివస్తుంది. ఆ వాసన తెలిసినవాళ్లు ఆగుతారు. తెలియనివాళ్లు ఏదో మాడిందనుకుంటారు. వాళ్లను క్షమించు తల్లీ, వాళ్లకు ఇంకా నీ ముక్క అందలేదు.

గుట్ట మీది కాఫీ కొట్లలో అద్దాల అరలు ఉంటాయి. ఆ అరల్లో, స్కాట్లండ్ సీమలో పెనం మీద పుట్టి లోకమంతా తిరిగిన స్కోన్లు, పళ్ల ముక్కలు పొదుగుకుని బుద్ధిగా కూర్చుంటాయి. వాటి ముందొక చీటీ: గ్లూటెన్ ఫ్రీ, వీగన్. అంటే గోధుమ లేదు, వెన్న లేదు, పాలు లేవు, గుడ్డు లేదు. పాపం, వాటి మీద నాకేమీ కోపం లేదు. గోధుమ పడని కడుపులకు, పాలు వద్దనుకున్న మనసులకు అవి చేసే మేలు చిన్నదేమీ కాదు. కానీ లేదు, లేదు, లేదు అంటూ మొదలయ్యే స్తోత్రం నా నోటికి రాదు. నిన్ను చూడగానే నాలుక వేరే పాట ఎత్తుకుంటుంది. పండు ఉంది. నూక ఉంది. బెల్లం ఉంది. కొబ్బరి ఉంది. ఏలకి ఉంది. నిప్పు ఉంది. చీటీ అక్కర్లేని సిరివి నువ్వు. నీ పుట్టుకలోనే గోధుమ లేదు, దాన్ని ఎవరూ తీసేయలేదు; నీ ఒంట్లో పాలూ గుడ్డూ ఎన్నడూ చేరలేదు, వాటిని ఎవరూ వెళ్లగొట్టలేదు.

నువ్వు రాత్రి బస్సు దిగి వస్తావు. అమలాపురం నుంచో, రాజోలు నుంచో, భీమవరం నుంచో బయల్దేరిన బస్సులు తెల్లవారుజామున ఎస్.ఆర్.నగర్ మలుపులో ఆగినప్పుడు, నిద్రమొహాలు దిగుతాయి, సూట్‌కేసులు దిగుతాయి, గోనెసంచి దిగుతుంది. 1974 నుంచి విశాఖకూ హైదరాబాదుకూ మధ్య పరుగులు తీస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ బెర్తుల కింద కూడా నీ పళ్లు దొర్లాయి. సంచి మూతి ఎంత బిగించినా ఏం లాభం? పండిన తాటిపండు దాగదు. పక్క సీటు పెద్దాయన ముక్కు ఎగబీల్చి, ‘ఏమ్మా, తాటిపళ్లా? ఏ ఊరు మీది?’ అని అడగడంతో నీ పరిచయపత్రం చేతులు మారుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో రెండు ఇంటిపేర్లు, నాలుగు ఊళ్లు, ఒక దూరపు చుట్టరికం బయటపడతాయి.

ఇక నీ అవతారఘట్టం. దీన్ని తొందరగా చెప్పకూడదు.

ముందు పండు నెత్తిన ఉన్న ముచ్చిక ఊడదీయాలి. తొక్క ఒక అంచు గోటితో లేపితే చాలు, నల్లని చీలికలు చీలికలుగా తనంతట తానే లొంగి వస్తుంది. లోపల, చీకటి చీరలో చుట్టిన పొద్దుపొడుపు! మూడు టెంకలు, ముగ్గురు అక్కచెల్లెళ్లు, జుట్టు విరబోసుకుని ఒకరినొకరు పట్టుకుని కూర్చుని ఉంటారు. ఆ జుట్టు కొస కొసకూ నారింజ రంగు గుజ్జు. వాళ్లను విడదీసి, కాసిని నీళ్లు చిలకరించి, బోర్లించిన వెదురుబుట్ట మీదనో, ఈ కాలంలోనైతే స్టీలు జల్లెడ మీదనో, రుద్దాలి. రుద్దుతూ పోవాలి. తాటిపేసం తీయడమంటే చేయి అడిగే పని, నడుము అడిగే పని, అన్నిటికీ మించి తీరిక అడిగే పని. మిక్సీకి లొంగని మొండిదానివి నువ్వు. టెంక దగ్గర దాని ఆట సాగదు. గుజ్జు ముద్దలు ముద్దలుగా గిన్నెలోకి దిగుతుంటే వేళ్లకు, మణికట్టుకు, మోచేతికి పసుపు పారాణి పాకుతుంది. గోళ్ల సందుల్లో ఆ రంగు మర్నాడు కూడా మిగులుతుంది. ఇంత చేశాక టెంకల మీద మిగిలిన పీచును చీకడానికి పిల్లలు కాచుకుని ఉంటారు. వాళ్ల చుబుకాలు, వాళ్ల చొక్కాలు, వాళ్ల అమ్మల తిట్లు, అన్నీ నారింజ రంగే.

నీలో ఒక చేదు ఉంది తల్లీ. ఫ్లాబెల్లిఫెరిన్ అని రసాయన శాస్త్రం దానికొక పేరు పెట్టింది. ఊళ్లో అమ్మమ్మలకు ఆ పేరు తెలియకపోయినా దాని తీరు తెలుసు: గుజ్జును పలుచని గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తే కారే నీళ్లతో పాటు కొంత చేదు జారిపోతుంది, తక్కినదాన్ని బెల్లం బుజ్జగిస్తుంది. పూర్తిగా పోగొట్టాలని చూసేవాళ్లు నీ మర్మం ఎరగనివాళ్లు. నాలుక చివర తీపి, నాలుక మొదట్లో లీలగా చేదు, ఆ రెంటి మధ్య ఒక అడవి వాసన. అది లేకపోతే నువ్వు ఉత్త బెల్లపు రొట్టెవి.

రెండు గిన్నెల గుజ్జు, గిన్నెన్నర బియ్యపు రవ్వ, గిన్నెడు బెల్లం తురుము, గిన్నెడు కొబ్బరి కోరు, నాలుగు ఏలకులు, చిటికెడు ఉప్పు. ఇంతే నీ జాతకం. పండు చేదును బట్టి బెల్లం చేయి కాస్త అటూ ఇటూ అవుతుంది. కలిపి రెండు మూడు గంటలు వదిలేస్తే, ఎండిన నూక గింజ ఒక్కొక్కటీ పండు రసం తాగి తాగి నిండుచూలాలవుతుంది. గోధుమపిండిలో సాగే గుణం గ్లూటెన్‌ది. అది లేని పిండి విరిగిపోతుందని, దానికి జిగురు కోసం ఏవేవో పొడులు కలపాలని బేకరీవాళ్లు తల పట్టుకుంటారు. నీకా చింత లేదు. నూకలోని గంజి, పండులోని జిగట, రెండూ వేడికి చేయీ చేయీ కలిపి నిన్ను నిలబెడతాయి.

అప్పుడు నిప్పు. ఓ నిప్పుల నడుమ నిద్రించేదానా! మందపాటి ఇత్తడి గిన్నెకు నూనె రాసి, అరటాకు పరిచి, నిన్ను పడుకోబెట్టి, మూత పెట్టి, కింద కుంపటి, మూత మీద కణకణలాడే బొగ్గులు. బేకరీ పేరు వినని పల్లెల్లో అదే బేకరీ. సెగ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, అంచు నుంచి నడిమికి నడుస్తుంది; అరటాకు చిటపటమని, నూనె సయ్యిమని, బెల్లం కమ్మగా కరిగి అంచుల్లో నల్లబడి, గిన్నె చుట్టూ ఊరంతా మూగుతుంది. వెంగళరావు నగర్ అపార్టుమెంటులో బొగ్గుల కుంపటికి చోటెక్కడ? ఓవెన్‌ను 180 డిగ్రీల మీద కాచి, ముప్పావు గంట నుంచి గంట సేపు ఉంచితే నువ్వు అక్కడా నిండుగానే వెలుస్తావు. దేవుడు ఏ గుళ్లో ఉన్నా దేవుడే కదా. మూకుడులో సన్నసెగన చేసినా వస్తావు. చిన్న చిన్న ఉండలుగా పళ్లెంలో పేర్చి కాలిస్తే ఆ అద్దాల అరల్లోని స్కోన్ల పక్కన దర్జాగా కూర్చుంటావు. ఒక్క మాట మాత్రం మనవి: మాడు లేని నిన్ను నువ్వని ఒప్పుకోను. ఆ అడుగుమాడు, ఆ అంచుమాడు, గోటితో గీకి తీసే ఆ కరకర, దాని కోసం అన్నదమ్ములు తగాదాలు పడ్డారు, పడతారు, పడాలి.

నీ బంధుబలగం ఎంతదని! బంగాళాఖాతం గట్టు వెంట, ఆపైన ఇంకా తూర్పుకు నడిచిపోతే ప్రతి మలుపులోనూ నీ వంటి మొహమే ఎదురవుతుంది. ఒడిశాలో తాళపిఠావు. బెంగాల్లో కృష్ణాష్టమికి తాలేర్ బొరావు. థాయిలాండ్‌లో బియ్యప్పిండితో, కొబ్బరితో ఆవిరి మీద ఉబ్బే ఖనోమ్ తాన్‌వు. కంబోడియాలో అరటాకు దొప్పెలో పండుగ మొహం పెట్టుకుని కూర్చునే పసుపు రొట్టెవు. ఏ ఓడలు ఎవరికి నేర్పాయో, ఎవరు ఎవరి వంటింట్లో తొంగిచూశారో గానీ, తాడి నిలిచిన ప్రతి తీరంలోనూ పండుకు బియ్యమే తోడు, బియ్యానికి కొబ్బరే చెలి. ఇన్ని దేశాల అమ్మలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఒకే మాట మీద నిలబడ్డారు.

ఇక నీ కన్నతల్లి ఆ తాడిచెట్టును పొగడబోతే పొద్దు చాలదు. పన్నెండేళ్లో పదిహేనేళ్లో ఓపిక పట్టాక గానీ తొలికాపు చూపని గుంభనం. వేసవిలో ముంజ, వానలో పండు, సంక్రాంతికి తేగ. ఆకు మీద మన కవుల గంటాలు నడిచాయి, ఆకు కింద మన పేదల పాకలు నిలిచాయి. ఆ చెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత చెప్పి లోకం దాని మీద ఒక నింద వేసి ఊరుకుంది. ఆ నింద ఇప్పుడిప్పుడే కరుగుతోంది. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. రంపచోడవరం దాపున పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో తాటి మీద ప్రత్యేకంగా పని జరుగుతోంది. నీకు మాత్రం ఇంకా ఈ నగరంలో సొంత కొట్టు లేదు, సొంత అర లేదు. ముంజలకు బండి ఉంది, నీరాకు భవనం ఉంది, నీకు ఇంకా అమ్మమ్మల చేతులే దిక్కు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం.

కృష్ణానగర్ ఇరుకు గదుల్లో, సినిమాలో వేషం కోసం, పాట కోసం, ఒక్క పిలుపు కోసం ఏళ్లుగా ఎదురుచూసే కుర్రాళ్లుంటారు. వాళ్లలో ఏ గోదావరి గట్టు పిల్లవాడి చేతిలోనైనా నీ ముక్క పెట్టి చూడండి. పగలంతా ఎవరికో చప్పట్లు కొట్టే గుంపులో ఒకడిగా నిలబడి వచ్చినవాడు ముక్కను మొదట వాసన చూస్తాడు. తర్వాత మాడు వైపు నుంచి కొరుకుతాడు. ఆ కొరికే తీరును బట్టే చెప్పొచ్చు వాడిది ఏ తీరమో. నువ్వు వేడిగా ఉన్నప్పటికంటే చల్లారాక బాగుంటావు. చేసిన రోజుకంటే మర్నాడు పొద్దున ఇంకా బాగుంటావు. రాత్రంతా బెల్లమూ పండూ మంతనాలాడి ఒక ఒప్పందానికి వచ్చి ఉంటాయి. అప్పుడు కత్తి పెడితే ముక్క నిగనిగలాడుతూ, లోపల తేనెరంగు, అంచున కాకినలుపు, నడుమ కొబ్బరి తెల్లచుక్కలు.

పాఠకులారా, ఈ ఏడు శ్రావణం దాటకముందే కోనసీమ నుంచో, పశ్చిమ గోదావరి నుంచో బస్సెక్కే మీవాళ్లకు ఒక ఫోను చేయండి. రెండు పళ్లు చాలు. తొక్క మెత్తబడి, వాసన వీధికి వినిపించే పళ్లనే ఏరమనండి. ఇంట్లో గోధుమ పడనివాళ్లుంటే రవ్వ వేరే పిండి తగలకుండా విడిగా ఆడించండి. పాలూ నెయ్యీ ముట్టనివాళ్లుంటే గిన్నెకు నువ్వులనూనె రాయండి. టెంకలు మాత్రం పారేయకండి. లోతైన కుండీలో ఇసుక కలిపిన మట్టి పోసి పాతిపెట్టండి, సంక్రాంతికి తేగలవుతాయి.