ఇంజన్ ఆపిన తర్వాత ప్రొపెల్లర్

తెరచాపలు ఎత్తి ఇంజన్ ఆపేశాక ప్రొపెల్లర్‌కు పని ఉండదు. అయినా అది నీళ్లలోనే ఉంటుంది. పడవ ముందుకు సాగినంతసేపూ నీటికి అడ్డం పడుతూ, పడవను వెనక్కి లాగుతూ ఉంటుంది. మన హుస్సేన్‌సాగర్‌ పోటీల్లో కనిపించే లేజర్ పడవలకు ఇంజనే లేదు కనుక వాటికి ఈ బాధ లేదు. లోపల రెండు మంచాలు, ఒక గ్యాస్ పొయ్యి, రేవులోకి రావడానికి ఒక చిన్న డీజిల్ ఇంజన్ పెట్టుకున్న ప్రతి తెరచాప పడవకూ ఉంది. గాలిని నమ్ముకుని బయల్దేరినవాడు గాలి లేని గంటల కోసం ఒక లోహపు ముక్కను వెంట మోసుకెళ్లాలి. దాన్ని ఎంత తక్కువ అడ్డం ఉండేలా ఎంచుకోవాలన్నదే ఈ వారం విషయం.

నేను పడవ నడిపేది అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ అఖాతంలో. మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాల్లో సుమారు 200 మైళ్ల పొడవున పరుచుకున్న నీళ్లవి. సగటు లోతు 20 అడుగులకు కాస్త పైన, అంతే. వసంతంలో, అక్టోబరులో ఇక్కడ మంచి గాలి వీస్తుంది. జులై, ఆగస్టు నెలల్లో మాత్రం మధ్యాహ్నానికి ఆకు కదలదు. ఐదారు నాట్ల గాలి దొరికితే అదే పదివేలు. ఆ గాలికి పడవ మూడు నాట్ల వేగంతో కదులుతుంటే హాయిగా కూర్చుని టీ తాగుతాం. అదే రెండున్నరకు పడిపోతే ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, చీకటి పడేలోపు రేవు చేరాలి కదా అని ఎవరో ఒకరు ఇంజన్ తాళం తిప్పేస్తారు. తక్కువ డ్రాగ్ (నీళ్లలో వెనక్కి లాగే బలం) ఉన్న ప్రొపెల్లర్ విలువ నాకు కనిపించేది సరిగ్గా ఆ నిమిషంలో. అమ్మేవాళ్లు బ్రోచర్లలో గాలి జోరుగా ఉన్న రోజు దొరికే వేగం గురించి చెబుతారు. మనం డబ్బు పెట్టేది గాలి పడిపోయిన రోజు కోసం.

కారణం లెక్కలో ఉంది. 16 అంగుళాల వ్యాసం, మూడు స్థిరమైన రెక్కలు ఉన్న మామూలు ప్రొపెల్లర్‌ను తీసుకుందాం. అది గీసే వృత్తంలో సగం వైశాల్యం రెక్కలదే అనుకుందాం. షాఫ్ట్ తిరగకుండా బిగబట్టి ఆరు నాట్ల వేగంతో వెళ్తే, పడవల డిజైనర్లు వాడే గుణకాలతో చూస్తే దాదాపు 39 కిలోల బలం వెనక్కి లాగుతుంది. అదే ప్రొపెల్లర్‌ను దానంతట అది తిరగనిస్తే పది కిలోలకు దిగుతుంది. రెక్కలు ముడుచుకునే రకమైతే రెండు కిలోలు. ఈ బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి మూడు నాట్ల దగ్గర నాలుగో వంతే. అయితే తక్కువ గాలిలో ఎందుకు ఎక్కువ బాధ? పడవ వేగం పుంజుకున్నాక దాన్ని ఆపేది ప్రధానంగా అది లేపే అల. ఆ అల ముందు ప్రొపెల్లర్ వాటా చిన్నది. నిదానంగా కదిలేటప్పుడు అల దాదాపు ఉండదు, ఉన్నదంతా నీటి రాపిడే. తెరచాపలకు అందే బలం కూడా కొద్దిదే. ఆ కొద్దిలో ప్రొపెల్లర్ తన వాటా తాను తీసేసుకుంటుంది.

ఇక్కడ ఒక పాత తగాదా ఉంది. స్థిరమైన ప్రొపెల్లర్‌ను గేరులో పెట్టి ఆపేయాలా, న్యూట్రల్‌లో తిరగనివ్వాలా? తిరిగే రెక్కలే ఎక్కువ అడ్డం అని నమ్మే పెద్దవాళ్లు ప్రతి రేవులోనూ ఉంటారు. స్కాట్లాండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని కొలిచి 2008లో ప్రచురించారు. తిరగనిస్తేనే డ్రాగ్ తగ్గుతుందని తేలింది. అలాగని అందరూ న్యూట్రల్‌లో వదిలేయడానికి లేదు. కొన్ని గేర్‌బాక్సులు అలా గంటల తరబడి తిరిగితే అరుగుతాయి. కొన్నింటికి రివర్స్‌లో పెట్టి ఆపడమే హాని. మీ ఇంజన్‌తో వచ్చిన పుస్తకంలో ఏముందో అదే శాసనం.

డ్రాగ్ తగ్గించే ప్రొపెల్లర్లలో ప్రధానంగా రెండు జాతులున్నాయి. ఒకటి ఫోల్డింగ్. షాఫ్ట్ తిరిగినప్పుడు రెక్కలు బయటికి విచ్చుకుంటాయి, ఆగగానే నీటి ప్రవాహం వాటిని వెనక్కి తోసి మూసేస్తుంది. డెన్మార్క్ నుంచి వచ్చే గోరీ, ఫ్లెక్సోఫోల్డ్ ఈ రకం. రెండోది ఫెదరింగ్. ఇందులో రెక్కలు మూసుకోవు, తమ మొదలు మీద తామే పక్కకు తిరిగి ప్రవాహానికి అంచు చూపిస్తాయి. పారే కాలవలో అన్నం పళ్లెం అడ్డంగా పట్టుకుంటే చెయ్యి లాగేస్తుంది, అంచు తిప్పి పట్టుకుంటే నీళ్లు కోసుకుని పోతాయి. ఫెదరింగ్ కిటుకంతా అదే. ఇటలీ మ్యాక్స్‌ప్రాప్ వీటిలో బాగా తెలిసిన పేరు. నీటి బలాన్ని బట్టి తన వాలు తానే మార్చుకునే ఆటోప్రాప్ లాంటివీ ఉన్నాయి కానీ, మామూలుగా మనం ఎంచుకోవాల్సింది ఈ రెండింటి మధ్యే.

డ్రాగ్ విషయంలో ఈ రెండింటికీ ఉన్న తేడా చిన్నది. అసలు తేడా బయటపడేది రివర్స్‌లో. ఫోల్డింగ్ ప్రొపెల్లర్‌ను వెనక్కి తిప్పితే నీటి తోపుడు రెక్కల్ని మూసేయాలని చూస్తుంది, తిరిగే వేగం తెరిచి ఉంచాలని చూస్తుంది. అందుకే రివర్స్‌లో ఇంజన్ జోరు కాస్త పెంచాలి. నేటి మూడు రెక్కల ఫోల్డింగ్ రకాలు ఇందులో చాలా మెరుగుపడ్డాయి. పాత రెండు రెక్కల వాటితో మాత్రం పడవ ఆగేలోపు గుండె గొంతులోకి వస్తుంది. ఫెదరింగ్‌లో షాఫ్ట్ దిశ మారగానే రెక్కలు కూడా తిరగబడతాయి, ముందుకు నీటిని కోసిన అంచే వెనక్కీ కోస్తుంది. రివర్స్ గట్టిగా పట్టుకుంటుంది. అందుకు మూల్యం, ముందుకు వెళ్లేటప్పుడు కొద్దిగా తగ్గే సామర్థ్యం. రెండు వైపులా పనిచేయాలి కనుక ఆ రెక్కల్ని మెలి లేకుండా చదునుగా చేస్తారు.

ఇక్కడి రేవుల్లో చాలాచోట్ల నాలుగు చెక్క గుంజల మధ్యకు పడవను రివర్స్‌లో దూర్చాలి. పక్కగాలి కొడుతుంటే, రెండు వైపులా ఇతరుల పడవలు అడుగు దూరంలో ఉంటే, ఆ నిమిషంలో నాకు కావాల్సింది అడగగానే ఆగే పడవ. డ్రాగ్ పట్టిక చూసి ప్రొపెల్లర్ కొన్నవాళ్లు కూడా రోజూ బతకాల్సింది ఈ గుంజల మధ్యే.

వర్జీనియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే భీమవరం కుర్రాడొకడు ఈమధ్యే 34 అడుగుల పాత పడవ కొన్నాడు. ఫోన్ చేసి అడిగాడు.

“అన్నా, ప్రొపెల్లర్‌కు మూడు, నాలుగు వేల డాలర్లా? ఆ డబ్బుతో కొత్త ముందు తెరచాప కుట్టించుకోవచ్చు కదా.”

“నీ తెరచాప చిరిగిందా తమ్ముడూ?”

“లేదన్నా, కాస్త సాగింది.”

“అయితే ముందు రెక్కలు మార్చు. తెరచాప ఏటేటా సాగుతూనే ఉంటుంది. మంచి ప్రొపెల్లర్‌ను గ్రీజు పెట్టి చూసుకుంటే నీ పడవ ఉన్నన్నాళ్లూ ఉంటుంది.”

“చుక్కాని ముందు చోటు ఇరుకుగా ఉందన్నా.”

చాలామంది ఆర్డర్ ఇచ్చాక గానీ అడగని ప్రశ్న అది. ఫోల్డింగ్ రెక్కలు మూసుకున్నప్పుడు వెనక్కి పొడుగ్గా సాగుతాయి. చుక్కానికి తగలకుండా ఉండేంత జాగా కావాలి. అడుగున పొడుగ్గా సాగే కీలు (keel) ఉన్న పాత పడవల్లో ఆ కీలుకీ చుక్కానికీ మధ్య తొలిచిన సందులో ప్రొపెల్లర్ ఉంటుంది. అక్కడ ఫెదరింగే దిక్కు. పడవ అడుగు నుంచి కిందికి దిగే సెయిల్‌డ్రైవ్ కాలు ఉన్న కొత్త పడవలకు వెనక అడ్డమేమీ ఉండదు కాబట్టి ఫోల్డింగ్ చక్కగా కుదురుతుంది. రెక్క కొసకూ పడవ అడుగుకూ మధ్య కూడా ప్రొపెల్లర్ వ్యాసంలో పది శాతానికి తగ్గకుండా సందు ఉండాలి, లేకపోతే పడవంతా వణుకుతుంది.

అసలు ఏమీ మార్చలేనివాళ్లకు ఒక పాత ఉపాయం ఉంది. రెండు రెక్కల స్థిరమైన ప్రొపెల్లర్ కీలు వెనక ఉంటే, రెక్కలు నిలువుగా కీలు చాటుకు వచ్చినప్పుడు లోపల షాఫ్ట్ మీద రంగుతో గీత పెడతారు. తెరచాపలు ఎత్తాక ఆ గీత పైకి వచ్చేలా షాఫ్ట్‌ను చేత్తో తిప్పి ఆపితే చాలు. ఖర్చు లేని పని, నిజంగా పనిచేసే పని.

వేసవిలో ఈ అఖాతం నిండా పీతల బుట్టలు. ఒక్కో బుట్టకూ ఒక తాడు, పైన ఒక తేలుడు బంతి. స్థిరమైన మూడు రెక్కలకు ఆ తాడు చిక్కుకుంటే ఎవరో ఒకరు నీళ్లలోకి దిగాలి. జులై వచ్చేసరికి నీళ్లలో కుట్టే జెల్లీఫిష్‌లు. ఒళ్లంతా వాతలు తేలతాయి. మూసుకున్న ఫోల్డింగ్ రెక్కల మీంచి తాడు జారిపోయే అవకాశం ఎక్కువ. దీన్ని నేను డ్రాగ్ కంటే తక్కువ లాభంగా లెక్కపెట్టను.

నిర్వహణ దగ్గర రాజీ పనికిరాదు. శీతాకాలానికి పడవను గట్టు మీదికి ఎత్తినప్పుడు ఫెదరింగ్ ప్రొపెల్లర్‌లోకి గ్రీజు ఎక్కిస్తే, లోపలి పాత గ్రీజు నీళ్లు కలిసి తెల్లగా బయటికి వస్తుంది. శుభ్రమైన గ్రీజు కనబడేదాకా ఎక్కించాలి. ఆ తర్వాత రెక్కను వేలితో తోస్తే మెత్తగా తిరగాలి, మొదలు దగ్గర కటకటలాడకూడదు. ఫోల్డింగ్‌లో రెక్కల మొదళ్ల దగ్గర పళ్లుంటాయి, ఒక రెక్క తెరుచుకుంటే ఆ పళ్లే రెండోదాన్నీ తెరుస్తాయి. ఆ పళ్ల మధ్య ఒక్క బార్నకిల్ పెంకు పెరిగినా రెక్క సగంలో ఆగిపోతుంది, ఇంజన్ వేయగానే పడవ దడదడలాడుతుంది. ప్రొపెల్లర్‌కు బదులు తాను కరిగేలా బిగించే జింకు ముక్క సగం కరిగితే మార్చేయాలి. విశాఖలోనో కొచ్చిలోనో పడవ ఉంచుకునేవారికి ఈ జాగ్రత్త ఏడాదికోసారి చాలదు. వెచ్చటి సముద్రంలో పెంకులు త్వరగా పడతాయి.

పందేల సంగతి వేరు. ఐఆర్‌సీ, ఓఆర్‌సీ అనే, పడవల మధ్య తేడాను సమయంతో సరిచేసే రేటింగుల్లో ప్రొపెల్లర్ రకాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. స్థిరమైనదానికి కొంత సమయం కలిసొస్తుంది. ఆ కలిసొచ్చేది తక్కువ గాలి రోజు పోయినదాన్ని తీర్చదని నా అభిప్రాయం. పందెం పడవకు రెండు రెక్కల ఫోల్డింగే సరి.

కుటుంబంతో తిరిగే పడవ, షాఫ్ట్ ఇంజన్, గుంజల రేవు ఉన్నవారికి నేను చెప్పేది మూడు రెక్కల ఫెదరింగ్. సెయిల్‌డ్రైవ్ ఉంటే మూడు రెక్కల ఫోల్డింగ్. ఏడాదంతా ఇంజన్ మీదే తిరిగేవారు డబ్బు దాచుకోండి, స్థిరమైనదే ఉంచండి. కొనదలిస్తే మాత్రం ఈ నవంబరులో పడవ పైకెక్కగానే షాఫ్ట్ వ్యాసం, కొస సందు, చుక్కాని దాకా దూరం కొలిచి, ఇంజన్ గేరు నిష్పత్తితో సహా తయారీదారుకు పంపండి. ఏప్రిల్‌లో అడిగితే పడవ నీళ్లలోకి దిగే రోజుకు ప్రొపెల్లర్ రాదు.