గాలి ఎక్కడ దూరుతోంది?

పాత పెట్రోలు బండికి వచ్చే జబ్బుల్లో యజమానిని ఎక్కువ తిప్పలు పెట్టేది ఐడ్లింగ్ జబ్బు. రోడ్డు మీద పరుగెత్తుతున్నంతసేపూ ఏ లోపమూ కనిపించదు. సంత దగ్గర ఆపి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే బానెట్టు వణుకుతుంది, స్టీరింగ్ చేతిలో అదురుతుంది, కాసేపటికి ఇంజిన్ టప్పున ఆగిపోతుంది. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ రోడ్ల మీద పాత బళ్లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. జగదల్‌పూర్ సీజీ 17 నంబరు బళ్ల పక్కనే విశాఖపట్నం ఏపీ 31 నంబరుతో కొండలెక్కి వచ్చినవీ ఉంటాయి.

జగదల్‌పూర్ నుంచి జాతీయ రహదారి 30 పట్టుకుని ఉత్తరానికి వెళ్తే రాయపూర్. తూర్పుగా కొరాపుట్, సాలూరు మీదుగా ఘాట్ దిగితే విశాఖపట్నం. రెండూ రమారమి 300 కిలోమీటర్లు. దక్షిణాన సుక్మా, కోంట దాటితే మన భద్రాచలం. కొత్త కార్బొరేటర్ వేసి చూద్దాం, కాకపోతే ఇంకోటి మారుద్దాం అనే వైద్యం ఇంత దూరాల మధ్య సాగదు. లోపం ఎక్కడుందో తేలాకే సామాను కోసం మనిషిని పంపాలి. కార్బొరేటర్ బళ్ల మీద చేయి తిరిగిన మెకానిక్కుల పరీక్షా పద్ధతికి ఇలాంటి చోటే అసలు విలువ.

రెండు మిల్లీమీటర్ల కంత

ఐడ్లింగ్‌లో కార్బొరేటర్‌లోని థ్రాటిల్ రేకు దాదాపు మూసుకుని ఉంటుంది. పిస్టన్లు గాలి కోసం లాగుతుంటాయి, దారేమో ఇరుకు. దాంతో కార్బొరేటర్ నుంచి సిలిండర్లకు గాలి చేర్చే మేనిఫోల్డ్‌లో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిలో సగం కన్నా తక్కువకు పడిపోతుంది. అదే వ్యాక్యూమ్. కార్బొరేటర్ తన గుండా వచ్చిన గాలికి సరిపడా పెట్రోలు కలుపుతుంది. బరువులో పెట్రోలు ఒక వంతుకు గాలి 14.7 వంతులు ఉంటే పూర్తిగా మండుతుంది. ప్యాకింగ్ చిట్లో, పైపు పగిలో పక్కదారిన గాలి దూరితే కార్బొరేటర్‌కు ఆ సంగతి తెలియదు. మిశ్రమం పలచబడుతుంది, ఒక మంట అంటుకుంటే ఇంకోటి తప్పిపోతుంది. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టే: లాగిన కొద్దీ గాలే వస్తుంది.

మారుతి 800 ఇంజిన్ 796 సీసీ. ఐడ్లింగ్‌లో అది నిమిషానికి పీల్చేది సుమారు 120 లీటర్ల గాలి. మేనిఫోల్డ్‌కు 2 మిల్లీమీటర్ల కంత పడితే దాని గుండా నిమిషానికి 30 లీటర్ల దాకా దూరుతుంది. అంటే నాలుగో వంతు దొంగగాలి. రోడ్డెక్కి వేగం అందుకున్నాక ఇంజిన్ అంతకు ఎన్నో రెట్ల గాలి తాగుతుంది, కంతలోంచి వచ్చేదేమో పెరగదు. అందుకే పరుగులో బాగుండి ఆగితే వణికే బండిని చూడగానే మెకానిక్కు మొదటి అనుమానం గాలి మీదికే పోతుంది. పరుగులోనూ మిస్సింగ్ ఉంటే ప్లగ్గులు, పాయింట్లు, పెట్రోలు వైపు చూస్తాడు.

ముందు స్క్రూ ముట్టుకోవద్దు

ఈ పనిలో మొదటి నియమం ఒక పని చేయకపోవడం. ఐడ్లింగ్ స్క్రూ రెండు చుట్లు తిప్పితే బండి ఆగడం మానేస్తుంది, యజమాని సంతోషంగా వెళ్లిపోతాడు. కంత మాత్రం అలాగే ఉంటుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పలచటి మిశ్రమానికి ఇంజిన్ వేడెక్కుతుంది, నెల తిరగకుండా మళ్లీ వణుకు. పైగా స్క్రూ తిప్పాక బండి అసలు ఏ స్థితిలో వచ్చిందో చెప్పే గుర్తు కూడా పోతుంది. పనితనం ఉన్న మెకానిక్కు ఇంజిన్‌ను వచ్చిన స్థితిలోనే ఉంచి, అవుననో కాదనో బదులొచ్చే ప్రశ్నలు ఒక్కొక్కటిగా వేస్తాడు.

మొదటి ప్రశ్న చోక్‌తో. వేడెక్కిన ఇంజిన్‌కు చోక్ కొంచెం లాగుతాడు. మామూలుగా అయితే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరి కావాలి. అలా కాకుండా వణుకు తగ్గి కుదురుగా తిరిగిందంటే మిశ్రమం పలచగా ఉందన్నమాట. రెండో ప్రశ్న ప్లగ్గులతో. రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో ఒక్కో ప్లగ్గు వైరు లాగి చూస్తాడు. లాగినా శబ్దం మారని సిలిండరే పని మానేసినది. తర్వాత ప్లగ్గులు విప్పి రంగు చూస్తాడు. గోధుమ రంగైతే ఆరోగ్యం, మసిబారితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. అన్నీ తెల్లగా ఉంటే కంత అందరికీ ఉమ్మడి చోట, అంటే కార్బొరేటర్ అడుగునో బ్రేక్ బూస్టర్ పైపులోనో ఉంటుంది. అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లకూ ఇన్‌టేక్ రంధ్రాలు రెండే. పక్కపక్కన రెండు ప్లగ్గులు తెల్లబడితే ఆ జంట వైపు మేనిఫోల్డ్ ప్యాకింగ్ విప్పి చూడాల్సిందే.

అనుమానం ఒక వైపుకు వచ్చాక చెవి పని మొదలు. మూరెడు రబ్బరు పైపు ఒక కొస చెవికి పెట్టుకుని, రెండో కొసను ఫ్యాన్ బెల్టుకు తగలకుండా జాయింట్ల వెంట నడుపుతాడు. ఇంజిన్ రొదలో కలిసిపోయిన 'స్స్' శబ్దం కంత దగ్గరకు రాగానే పైపులో విడిగా వినిపిస్తుంది. ఆ తర్వాత గుడ్డ చుట్టిన ప్లయర్‌తో వ్యాక్యూమ్ పైపులు ఒక్కొక్కటే నొక్కుతాడు. ఏది నొక్కితే ఐడ్లింగ్ కుదుటపడిందో, లోపం ఆ నొక్కిన చోటికి అవతల ఉన్నట్టు. పైపులను వేలితో వంచి అడుగు భాగం కూడా చూస్తాడు. పైకి నున్నగా ఉన్న రబ్బరు వంచిన చోట గీతలు గీతలుగా విచ్చుకుంటుంది. డెల్కో (డిస్ట్రిబ్యూటర్) పక్కనుండే డయాఫ్రం పైపును నోటితో పీల్చి కొసకు నాలుక అడ్డం పెడతాడు. నాలుక అంటుకుని ఉంటే డయాఫ్రం మంచిది, జారిపోతే చిరిగింది.

ప్యాకింగ్ జాయింట్ల దగ్గర నీళ్లు చిమ్మడం మంచి పరీక్ష. నీటి చుక్క కంతను క్షణం పాటు మూస్తుంది, ఇంజిన్ శబ్దం మారుతుంది. డెల్కో, ప్లగ్గు వైర్లు తడవకుండా చూసుకుంటే చాలు. నీళ్లకు బదులు పెట్రోలు చిమ్మి చూసేవాళ్లూ ఉన్నారు. ఫలితం త్వరగా తెలుస్తుంది కానీ అంబాసిడర్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ ఒకే పక్కన ఉంటాయి. కాగుతున్న ఎగ్జాస్ట్ మీద పెట్రోలు పడితే బండికి బండే తగలబడుతుంది. ఎంత పాత అలవాటైనా దాన్ని వదిలేయాల్సిందే.

ఎత్తు, ఘాట్, వాన

కొలిచి చూడాలనుకునేవాళ్లకు వ్యాక్యూమ్ గేజి ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. జగదల్‌పూర్ దాదాపు 550 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అదే ఇంజిన్ ఇక్కడ రమారమి 2 అంగుళాలు తక్కువ చూపిస్తుంది. విశాఖలో 18 చూపిన బండి జగదల్‌పూర్‌లో 16 చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. పుస్తకంలోని అంకె చూసి మంచి ఇంజిన్‌కు లేని రోగం అంటగట్టే ప్రమాదం ఇక్కడే ఉంది. అంకె కన్నా ముల్లు నడక ముఖ్యం. కదలకుండా కిందనే నిలబడితే గాలి దూరుతోందని గానీ టైమింగ్ వెనకబడిందని గానీ అర్థం. ఒకే లయలో ఎగిరెగిరి పడుతుంటే వాల్వు మీద అనుమానం.

మహీంద్రా సంస్థ 1940ల చివర్లో మనదేశంలో బిగించడం మొదలుపెట్టిన విల్లీస్ జీపుల పాత నమూనాల్లో వైపరుకు కరెంటు మోటారు ఉండేది కాదు. మేనిఫోల్డ్ వ్యాక్యూమే దాన్ని ఆడించేది. రాయపూర్ దారిలోని కేశ్‌కాల్ ఘాట్ లాంటి ఎక్కుడులో యాక్సిలరేటర్ అదిమితే థ్రాటిల్ తెరుచుకుని వ్యాక్యూమ్ పడిపోతుంది. సరిగ్గా జోరువానలో, మలుపు మీద వైపరు మందగిస్తుంది. కాలు కాస్త తీస్తే మళ్లీ ఆడుతుంది. అలాంటి జీపులో సమతల రోడ్డు మీదా వైపరు నీరసంగా ఆడి, ఐడ్లింగ్ కూడా చెడితే మొదట చూడాల్సింది వైపరు పైపునే.

వానాకాలంలో మరో చిక్కు. తడి పట్టిన పాత ప్లగ్గు వైర్ల మీద కరెంటు పక్కకు పారుతుంది, వణుకు అచ్చం గాలి జబ్బులాగే ఉంటుంది. చీకట్లో బానెట్టు ఎత్తి చూస్తే వైర్ల మీద నీలి మెరుపులు కనిపిస్తాయి. సీసాల్లో అమ్మే పెట్రోలు పోయించుకున్న బండైతే ముందుగా కార్బొరేటర్ గిన్నెలో నీళ్లున్నాయేమో చూడాలి.

షీటు మీద సుత్తి దెబ్బలు

కంత దొరికాక చేసే మరమ్మతులోనూ నేర్పు ఉంది. కార్బొరేటర్ అడుగు ప్యాకింగ్ దొరకనప్పుడు ప్యాకింగ్ షీటును అంచు మీద పరిచి, చిన్న గుండుతల సుత్తితో అంచు వెంబడే తడుతూ పోతారు. లోహపు అంచే కత్తెరలా పనిచేసి షీటును తెంపుతుంది. రంధ్రాలూ అలాగే పడతాయి. కొత్త ప్యాకింగ్ వేసినా గాలి దూరుతుంటే తప్పు కార్బొరేటర్ అంచుది. నట్లు అతిగా బిగించడం వల్ల దాని చెవులు వంగిపోతాయి. అద్దం పలక మీద ఎమరీ కాగితం పరిచి, అంచును గుండ్రంగా తిప్పుతూ రుద్దితే మెరిసిన చోట ఎత్తు, మెరవని చోట పల్లం తెలుస్తాయి. అంతటా ఒకేలా మెరిసేదాకా రుద్ది, నట్లను రెండు వైపులా కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి. పగిలిన పైపుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగ కట్టడం ఊరు చేరేదాకా సరే. బూస్టర్ పైపుకైతే అదీ పనికిరాదు. పల్చటి రబ్బరు వ్యాక్యూమ్‌కు చప్పబడిపోతుంది, దాని మీద బ్రేకులు ఆధారపడి ఉన్నాయి.

కంత మూశాక, అప్పుడు తిప్పాలి ఐడ్లింగ్ స్క్రూ.

స్కానరు వచ్చాక

ఇంజెక్షన్ బళ్లలో రోగం వేషం మారుస్తుంది. మేనిఫోల్డ్ ఒత్తిడిని కొలిచి పెట్రోలు చిమ్మే బండిలో కంత పడితే కంప్యూటరు దొంగగాలికి కూడా పెట్రోలు కలిపేస్తుంది. వణుకుకు బదులు ఐడ్లింగ్ అకారణంగా పెరుగుతుంది. లోపలికి వచ్చే గాలినే కొలిచే బండిలో మిశ్రమం పలచబడి పీ0171 అనే కోడ్ పడుతుంది. స్కానరు చెప్పేది అంతవరకే. గాలి ఎక్కువైందంటుంది, ఏ పైపులోంచో చెప్పదు. మళ్లీ పైపులు నొక్కాలి, చెవి పెట్టి వినాలి. పెద్ద షెడ్లలో మేనిఫోల్డ్‌లోకి పొగ పంపి, అది ఎక్కడ బయటపడుతుందో చూసే యంత్రం ఉంది. అదీ ఈ వెతుకులాటకు వచ్చిన కొత్త పనిముట్టే.

ఈ విద్యకు మనమిచ్చే వెలలోనే పొరపాటుంది. జానెడు పైపు మార్చినందుకు ఇంత కూలీయా అని బేరమాడతాం, కార్బొరేటర్ మొత్తం మార్చమంటే మారు మాట్లాడకుండా ఇచ్చేస్తాం. ఆ బేరమే మెకానిక్కుకు వెతకడం మాన్పించి, సామాను మార్చడం అలవాటు చేస్తుంది. ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు వణుకు ఎప్పుడు వస్తుందో, పరుగులో ఉంటుందో లేదో వివరంగా చెప్పండి. స్క్రూ తిప్పి పంపించేయమని తొందర పెట్టకండి. పైపు ఖరీదు వేరుగా, లోపం వెతికిన కూలీ వేరుగా లెక్క కట్టించుకుని ఇవ్వండి.